చివర మిగిలిన మూడు పావులు

బల్ల మీద మూడు పావులే మిగిలాయి: ఎదుటి ఆటగాడి తెల్ల రాజు, అతని తెల్ల బంటు, నా నల్ల రాజు. నా క్లాక్‌లో 7 నిమిషాలున్నాయి, వేసిన ప్రతి ఎత్తుకూ మరో 30 సెకన్లు కలుస్తాయి. నా రాజు కదలడానికి నాలుగు గడులున్నాయి. వాటిలో ఒకటి ఆటను డ్రాగా ముగిస్తుంది, మిగిలిన మూడూ ఓడిస్తాయి. దాదాపు 3 నిమిషాలు ఆలోచించి, ఓడించే గడుల్లో ఒకదాన్ని ఎంచుకున్నాను. మరో మూడు ఎత్తుల తరువాత క్లాక్ ఆపి చెయ్యి చాపాను.

ఆ ఎత్తు గురించి, అన్నేళ్లుగా ఆడుతున్నా అది నాకు ఎందుకు తెలియలేదన్న దాని గురించి ఆలోచించగా ఆలోచించగా, నాలాంటి ఔత్సాహిక ఆటగాళ్లు చదరంగం నేర్చుకుంటున్న వరుసే తలకిందులుగా ఉందన్న అభిప్రాయానికి వచ్చాను. మనం ఆట మొదలును కంఠస్థం చేస్తున్నాం, ముగింపును మాత్రం అదృష్టానికి వదిలేస్తున్నాం. ఈ మాట ఎవరినో తప్పు పట్టడానికి అనడం లేదు. ఎత్తులు రాసుకునే నా స్కోర్ షీట్ ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నది చూసి అంటున్నాను.

ఆ ఆట రాజమహేంద్రవరంలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన ఓపెన్ రేటింగ్ పోటీలో, ఐదో రౌండులో ఆడాను. ఆఫీసుకు ఐదు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచే ఎత్తుకు 30 సెకన్ల అదనపు సమయం. అప్పటికి నా రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) 1560 ప్రాంతంలో ఉంది, ఎదుటివాడిది అంతకు కాస్త తక్కువ. అతను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న కుర్రవాడు. కూర్చోగానే తన పావులన్నిటినీ ఒక్కొక్కటిగా గడి మధ్యకు సర్దుకుని, పెన్ను మూత తీసి బల్ల అంచున పెట్టి, "నమస్తే సార్" అని చెయ్యి కలిపాడు. ఇద్దరం ప్రపంచానికి ఏమాత్రం తెలియని ఆటగాళ్లమే. మా ఆటను చూడడానికి ఎవరూ బల్ల దగ్గర నిలబడలేదు. అయినా ఆ మూడున్నర గంటలు నా జీవితంలో నేను అత్యంత శ్రద్ధగా గడిపిన సమయాల్లో ఒకటి అని నమ్ముతాను.

అతను రాజు ముందున్న బంటును రెండు గడులు నెట్టాడు. నేను నల్లపావులతో ఆడే కారో-కాన్ రక్షణ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరుస) ఎంచుకున్నాను. అతను అందులోని పానోవ్ దాడి అనే శాఖలోకి వెళ్లాడు. మొదటి 12 ఎత్తులు ఇద్దరం కలిపి పది నిమిషాల్లోపే వేశాం, ఎందుకంటే వాటిలో మేము ఆలోచించి కనుక్కున్నది ఒక్కటీ లేదు. అన్నీ వీడియోల్లో చూసినవీ, పుస్తకాల్లో చదివినవీ. ఆ ఓపెనింగ్‌లో తరచుగా జరిగేదే మా ఆటలోనూ జరిగింది: తెల్లపావుల వారికి డీ4 గడిలో (అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డువరుసను చెబుతుంది) ఒంటరి బంటు మిగిలింది. దానికి అటూ ఇటూ ఉన్న నిలువు వరుసల్లో సొంత బంట్లు లేవు కాబట్టి దాన్ని మరో బంటు కాపాడలేదు, పెద్ద పావులే కాపలా కాయాలి. దానికి బదులుగా తెల్లవారి పావులకు ఆడుకోవడానికి కావలసినంత చోటు దొరుకుతుంది. ఈ బంటుతో ఎలా తలపడాలో నాకు బాగా తెలుసు, లేదా తెలుసుననుకున్నాను. దాని ముందు గడిలో గుర్రాన్ని నిలిపి దారి మూసేయాలి. వీలైనన్ని పావులు మార్చుకోవాలి. పావులు తగ్గే కొద్దీ ఆ బంటు బలహీనత బయటపడుతుంది. ఆట చివరికి చేరితే నల్లవారికే లాభం.

ఆ పాఠం ప్రకారమే ఆడాను. డీ5లో గుర్రాన్ని నిలిపాను. మంత్రులు మార్చుకున్నాం, గుర్రాలు పోయాయి, బిషప్‌లు పోయాయి. నడిమి ఆటలో చెప్పుకోదగినది పెద్దగా లేదు. ఇద్దరం ఒక్కో తప్పు చేశాం, ఒకరిది ఇంకొకరం చూడలేదు. 44వ ఎత్తులో అజాగ్రత్తగా రాజు పక్కన ఒక బంటు పోగొట్టుకున్నాను. ఆ తరువాత మిగిలిన బంట్లు ఒకదానికొకటి మార్పిడిలో పోగా, 59వ ఎత్తుకు అతని దగ్గర రాజు, ఒక ఏనుగు, ఆ డీ4 బంటు మిగిలాయి. నా దగ్గర రాజు, ఒక ఏనుగు. ఆట మొదట్లో ఏ బంటును బలహీనమైనదని లెక్కగట్టి, దాని చుట్టూ మూడు గంటలు ముట్టడి వేశానో, చివరికి అదొక్కటే బల్ల మీద నిలిచింది.

ఇక్కడే నా అజ్ఞానం మొదటిసారి బయటపడింది. నా రాజు బంటు దారికి దగ్గరలోనే ఉంది. ఇలాంటి స్థితిలో ఏనుగును ఆరో అడ్డువరుసలో ఉంచి, ఎదుటి రాజును ముందుకు రానివ్వకుండా ఆపి, బంటు ఆరో వరుసకు వచ్చిన వెంటనే ఏనుగును మొదటి వరుస దాకా దింపి, వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పోతే డ్రా అవుతుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరుతో ప్రసిద్ధమైన రక్షణ ఇది. ఆ పేరు నేను విన్నాను. ఎలా ఆడాలో మాత్రం ఎన్నడూ బల్ల మీద పెట్టి చూడలేదు. అందుకే ఏనుగులు ఉన్నంతసేపూ భయం వేసింది. అతను తన ఏనుగును డీ5కు తెచ్చి మార్పిడికి పెట్టగానే, ఆ భయం తీరుతుందన్న ఆశతో, ఎక్కువ లెక్క వేయకుండా దాన్ని తీసేశాను. అతని రాజు నా ఏనుగును తీసుకుని డీ5లో నిలిచింది. నేను రాజును డీ7కు తెచ్చాను. బంటు డీ4లో, తన రాజు వెనక ఉంది. రాజులిద్దరూ ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలబడ్డారు, ఎత్తు వేయవలసిన వంతు అతనిది.

చదరంగంలో దీన్ని ఆపోజిషన్ అంటారు. రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎత్తు వేయక తప్పనివారే పక్కకు తొలగాలి, కాబట్టి వంతు లేనివారిదే పైచేయి. ఇదే స్థితిలో వంతు నాదైతే నేను తప్పకుండా ఓడిపోతాను. వంతు అతనిది కాబట్టి సరిగా ఆడితే డ్రా. అంటే నేను తెలియకుండానే సరైన చోట నిలిచాను. అతని రాజు సీ5కు వచ్చింది, నా రాజు సీ7కు వెళ్లి ఎదురు నిలిచింది. అతను బంటును డీ5కు నెట్టాడు, నేను డీ7కు తిరిగి వచ్చాను. అతను బంటును డీ6కు నెట్టాడు. అది 64వ ఎత్తు.

ఇప్పుడు నా రాజు డీ7 వదిలి కదలాలి. ముందుకు ఈ6కు వెళ్తే అతని రాజు సీ6కు వచ్చి బంటుకు దారి తెరుస్తుంది, ఆ మాత్రం నాకు కనిపించింది. వెనక వరుసలో సీ8, డీ8, ఈ8 మిగిలాయి. ఆ మూడు నిమిషాల్లో నా మనసులో నడిచిన ఆలోచన నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "తెల్ల రాజు సీ వరుసలో ఉంది. కాబట్టి అది అటు నుంచి లోపలికి రాకుండా నేను కూడా అటే వెళ్లి అడ్డుకోవాలి." చూడడానికి ఎంతో సబబుగా ఉన్న ఆలోచన. రాజును సీ8లో పెట్టాను. అతని రాజు సీ6కు వచ్చింది. ఎదురెదురుగా నిలిచాం, కానీ ఈసారి వంతు నాది. డీ8కు జరిగాను. బంటు డీ7కు వచ్చింది, చెక్ ఇవ్వకుండా. నాకు ఈ7 ఒక్కటే గడి. అతని రాజు సీ7కు వచ్చింది, బంటు మంత్రి కావడాన్ని ఇక ఎవరూ ఆపలేరు.

సరైన గడి డీ8. నేరుగా వెనక్కి ఒక్క అడుగు. అప్పుడు అతని రాజు సీ6కు వస్తే నా రాజు సీ8కు వెళ్లి ఎదురు నిలుస్తుంది. బంటు డీ7కు చెక్ ఇస్తూ రావలసి వస్తుంది. నా రాజు మళ్లీ డీ8కు వస్తుంది. ఇక బంటును కాపాడాలంటే అతని రాజు డీ6కు రావాలి, వస్తే నా రాజుకు కదలడానికి గడి ఉండదు, చెక్ కూడా ఉండదు: స్టేల్‌మేట్, డ్రా. రాకపోతే బంటును నేనే తినేస్తాను. బంటు ఏడో వరుసకు చెక్ ఇస్తూ చేరితే డ్రా, చెక్ ఇవ్వకుండా చేరితే గెలుపు అని ఈ స్థితి గురించి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఇంత చిన్న వాక్యం, పన్నెండేళ్లు పోటీల్లో ఆడినా నా చెవిన పడలేదు.

ఆట అయ్యాక స్కోర్ షీట్ల మీద సంతకాలు చేసి, పోటీ నిర్ణేత అయిన ఆర్బిటర్‌కు ఇచ్చి బయటికి వచ్చాం. వరండాలో పిల్లల తల్లిదండ్రులు కూర్చునే కుర్చీల మధ్య ఒక ఖాళీ బల్ల, దాని మీద ఎవరో వదిలేసిన చుట్టే బోర్డు, పావులు ఉన్నాయి. ఓడిన ఆట తరువాత మామూలుగా నేను ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతాను. ఆ రోజు ఆ కుర్రవాడే, "సార్, ఐదు నిమిషాలు చూద్దామా?" అని అడిగాడు. 64వ ఎత్తు స్థితి పెట్టాం. ఇద్దరి ఫోన్లూ ఇంకా కౌంటర్‌లోనే ఉన్నాయి, అందువల్ల ఇంజిన్‌ను, అంటే ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామును, అడిగే అవకాశం లేదు. అలా లేకపోవడమే మా అదృష్టమని ఇప్పుడు అనిపిస్తుంది.

ముందుగా ఈ8 ప్రయత్నించాం. అతని రాజు సీ6కు రాగానే మళ్లీ అదే కథ. తరువాత డీ8 పెట్టాను. అతను సీ6కు వచ్చాడు, నేను సీ8. అతను బంటును నెట్టాడు, నేను డీ8. అతను చెయ్యి చాపి రాజును పట్టుకుని, డీ6 మీద గాలిలోనే ఆపేశాడు. చాలాసేపు పెట్టలేదు. "సార్, ఇది గెలవదు," అన్నాడు. తరువాత, "నేను గెలుపే అనుకున్నాను సార్. నాకూ తెలియదు. మీరు సీ8 వేసినా డీ8 వేసినా ఒకటే అనుకుని బంటును తోసుకుంటూ వచ్చాను," అన్నాడు.

ఆ మాట నన్ను కదిలించింది. గెలిచినవాడికీ తెలియదు, ఓడినవాడికీ తెలియదు. పానోవ్ దాడిలో 12 ఎత్తులు చూడకుండా వేయగల ఇద్దరు మనుషులం, మూడు పావులు మిగిలిన బల్ల ముందు గుడ్డిగా నిలబడ్డాం. ఫలితం అతని పక్షాన పడింది, నా పక్షాన పడినా పడేది. ఆ తరువాత రంగులు మార్చుకుని మరో పదిహేను ఇరవై సార్లు ఆడాం. "ఈసారి నల్లపావులు నువ్వు తీసుకో," అంటే తీసుకుని, ప్రతిసారీ రాజును నేరుగా వెనక్కి పెట్టాడు. ఎందుకు అటే పెట్టాలో నీకు అర్థమైందా అని అడిగితే, "మధ్యలో ఉంటే ముందు మీరే అటో ఇటో తేల్చుకోవాలి కదా సార్. మీరు తేల్చుకున్నాక నేను మీ ఎదురుగా నిలబడతాను," అన్నాడు. ఆపోజిషన్ గురించి అంత తేటగా చెప్పిన మాట మరొకటి నేను వినలేదు.

సాయంత్రం గదికి వెళ్లాక ఆటనంతా ఇంజిన్‌కు ఇచ్చి చూశాను. 64వ ఎత్తుకు ముందు దాని లెక్క సున్నా, అంటే డ్రా; ఆ ఎత్తు వేయగానే గెలుపు గీత మొత్తం తెల్లవారి వైపు ఒరిగింది. ఏ ఎత్తు తప్పో చెప్పింది, ఏది వేయాలో కూడా చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఏడు పావుల వరకు మిగిలే స్థితులన్నిటికీ కంప్యూటర్ల దగ్గర ఇప్పుడు కచ్చితమైన జవాబులున్నాయి, మూడు పావులు వాటికి లెక్కలోకి రావు. కానీ ఫోన్ చేతిలో ఉంటే మేము ఆ సున్నాను చూసి, "డీ8 అంట" అనుకుని, ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. వచ్చే ఏడాది అదే స్థితి బీ వరుసలో వస్తే మళ్లీ ఓడిపోయేవాళ్లం.

ఇప్పుడు నా వాదనకు వస్తాను. గడచిన కొన్నేళ్లలో నేను చదరంగానికి పెట్టిన సమయాన్ని నిజాయితీగా లెక్క వేసుకుంటే, అందులో ఎక్కువ భాగం ఓపెనింగ్‌లకే పోయింది. ఏ ఎత్తుకు ఏది జవాబు, ఎదుటివాడు పదో ఎత్తులో దారి తప్పితే ఎలా శిక్షించాలి, ఏ వలలో ఎవరు పడతారు, ఇవే. ఎండ్‌గేమ్‌ల (ముగింపు ఆటల) మీద పెట్టినది చాలా తక్కువ, అది కూడా వర్షం వల్ల బయటికి వెళ్లలేని ఆదివారాల్లో. నాకు తెలిసిన తోటి ఆటగాళ్లందరిదీ ఇంచుమించు ఇదే లెక్క. మా ఊళ్లో పిల్లలు నేర్చుకునే క్లాసుల్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. దానికి కారణం గురువుల సోమరితనం అని నేను అనుకోను. పిల్లవాడు ఇంటికి వెళ్లి "ఈరోజు సిసిలియన్ నేర్చుకున్నాను" అంటే తల్లిదండ్రులకు ఏదో పెద్ద విద్య అబ్బినట్టు ఉంటుంది. "ఈరోజు రాజును నేరుగా వెనక్కి పెట్టడం నేర్చుకున్నాను" అంటే ఫీజు దేనికి కట్టామన్న సందేహం వస్తుంది. ఓపెనింగ్‌కు పేరుంది, హంగుంది, వచ్చే ఆదివారం పోటీలోనే ఫలితం చూపిస్తుంది. ఎండ్‌గేమ్ ఫలితం చూపించడానికి ఏడాది పట్టవచ్చు.

అయితే ఈ ఆటను లోతుగా తెలిసినవారు వంద సంవత్సరాలుగా దీనికి విరుద్ధంగానే చెబుతున్నారు. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ విజేతగా ఉన్న క్యూబా ఆటగాడు కాపబ్లాంకా అన్నిటికన్నా ముందు ముగింపునే నేర్చుకోవాలన్నాడు. ఆయన చూపిన కారణం చాలా బలమైనది. ముగింపును దాని మటుకు అది విడిగా నేర్చుకోవచ్చు; మొదలునూ నడిమి ఆటనూ మాత్రం ముగింపుతో ముడిపెట్టి తప్ప అర్థం చేసుకోలేం. నా ఆటే ఇందుకు సాక్ష్యం. "ఒంటరి బంటు ఎదురుగా ఉంటే పావులు మార్చుకో" అన్న పాఠం సరైనదే. కానీ పావులన్నీ మార్చుకున్నాక చేరే చోటు నాకు తెలియనప్పుడు, ఆ పాఠం నన్ను నాకు తెలియని ఊరికి తీసుకువెళ్లి దించిన బస్సులాంటిదే అయింది.

మన దేశపు ఆటగాడి కథ ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మీర్ సుల్తాన్ ఖాన్ అవిభక్త పంజాబుకు చెందినవాడు, ఒక పెద్ద జమీందారు ఆశ్రయం పొందినవాడు. అతను నేర్చుకున్నది మన పాత పద్ధతి చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదులుతుంది. మా ఇంట్లో మా తాతగారు ఆడినదీ అలాంటి ఆటే; బంటును రెండు గడులు నెడితే "ఇదేం పద్ధతిరా" అని వెనక్కి పెట్టించేవారు. పాశ్చాత్య నియమాలు పెద్దయ్యాక నేర్చుకున్న సుల్తాన్ ఖాన్‌కు, యూరప్ ఆటగాళ్లు తరతరాలుగా పోగుచేసుకున్న ఓపెనింగ్ విద్య దాదాపు లేదు. అయినా 1929లో ఇంగ్లండ్ చేరిన ఏడాదే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో 1930-31 పోటీలో కాపబ్లాంకానే ఓడించాడు. మొదట్లో వెనకబడినా నడిమి ఆటలో, ముగింపులో ఓపికగా ఎదుటివారిని అరగదీసి గెలిచేవాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, అతను చనిపోయిన దాదాపు 58 ఏళ్లకు. అంతటి ప్రతిభ మనకెవరికీ లేదు, నిజమే. కానీ ఓపెనింగ్ తెలియకపోతే ఆటే లేదన్న భయం ఎంత అర్థంలేనిదో అతని జీవితం చూపిస్తుంది.

ఇక మొన్నమొన్నటి ఉదాహరణ. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరిదైన 14వ ఆట. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్, చైనాకు చెందిన డింగ్ లిరెన్ చెరో ఆరున్నర పాయింట్లతో ఉన్నారు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువే ఉన్నా, ఆట డ్రా అవుతుందనీ మర్నాడు టైబ్రేక్ (విజేతను తేల్చే అదనపు ఆటలు) ఉంటుందనీ చూస్తున్నవాళ్లు అనుకుంటున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, వెంటనే బిషప్‌ను డీ5కు తెచ్చి, బిషప్‌ల మార్పిడికీ ఎదుటివాడు ఒప్పుకోక తప్పని స్థితి తెచ్చాడు. 58వ ఎత్తుకు డింగ్ రాజు ఈ3లో, గుకేశ్ రాజు ఈ5లో నిలిచాయి. మధ్య ఒక్క గడి, వంతు డింగ్‌ది. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు, 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఆటను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఏనుగులు మార్చుకుంటే భారం తగ్గుతుందన్న అలసిన మనసు ఆశ, ఆ తరువాత ఎదురెదురుగా నిలిచిన రెండు రాజులు: స్థాయిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నా, ఆ చివరి స్థితి ముందు కూర్చున్న మనిషి పరిస్థితి ఏమిటో రాజమహేంద్రవరం వరండాలో కూర్చున్న నాకు తెలుసు.

పెద్ద ఆటగాళ్లకూ ముగింపులో తప్పులు జరుగుతున్నప్పుడు మనం నేర్చుకుని ఏం లాభమని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ కూడా, ఎక్కువ సమయం ఉండే రెండు క్లాసికల్ ఆటలు డ్రా అయ్యాక, తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్ టైబ్రేక్‌లో క్లాక్ పరుగెడుతున్న ఎండ్‌గేమ్‌లోనే తేలింది. రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయిన మన కోనేరు హంపి అక్కడ దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. కానీ ఈ ఉదాహరణలు నాకు చెప్పేది నా మిత్రుడు చెప్పినదానికి వ్యతిరేకం. హంపికి ముగింపు తెలియక కాదు, సమయం లేక తప్పు జరిగింది. నా ముందు 7 నిమిషాలున్నాయి, ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు వస్తున్నాయి. అయినా తెలియక తప్పు చేశాను. ఈ రెండూ ఒకటి కావు. తెలిసినవారి చేత కూడా తప్పు చేయించగల దశకు, మనం ఏమీ తెలియకుండా వెళ్తున్నామన్నదే నా బాధ.

నా వాదనకు ఎదురయ్యే అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. మా స్థాయి ఆటల్లో ఎక్కువ భాగం ముగింపు దాకా రావు. 20వ ఎత్తులోనో 25వ ఎత్తులోనో ఎవరో ఒకరు గుర్రాన్ని ఊరికే వదిలేస్తారు, ఆట అక్కడే అయిపోతుంది. కాబట్టి ముందు పావులు పోగొట్టుకోకుండా ఆడడం నేర్పండి, ఎండ్‌గేమ్ తరువాత చూద్దాం అంటారు. ఈ మాటలో నిజం ఉంది. పిల్లలకు చిన్న చిన్న ఎత్తుగడల లెక్కలు రోజూ ఇవ్వాలన్న దానితో నాకు పేచీ లేదు. నా పేచీ ఓపెనింగ్‌లకు పోయే సమయంతో. 25వ ఎత్తులో గుర్రాన్ని వదిలేసేవాడికి 12 ఎత్తుల పానోవ్ దాడి ఏం సహాయం చేసింది? ఆ సమయంలో పావు వంతు ముగింపుకు మళ్లిస్తే, లెక్క వేయడం కూడా అక్కడే నేర్చుకోవచ్చు. బల్ల మీద 32 పావులున్నప్పుడు పిల్లవాడికి ఎక్కడ చూడాలో తెలియదు. మూడు పావులున్నప్పుడు, "నేను ఇక్కడికి వెళ్తే వాడు అక్కడికి వస్తాడు, అప్పుడు నేను..." అని చివరిదాకా చూడక తప్పదు, తప్పయితే వెంటనే తెలుస్తుంది. నాకు తెలిసినంతలో లెక్క వేయడం నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

మరొకటి. ఆటలు ముగింపు దాకా రావడం లేదన్న మాటలో సగం మనం చేసుకున్నదే. ముగింపు తెలియనివాడు ముగింపు నుంచి పారిపోతాడు. డ్రా చేసుకోగల స్థితిలో కూడా తెగించి దాడికి దిగి పావు పోగొట్టుకుంటాడు, లేదా గెలుపు స్థితిలో ఉండి కూడా డ్రా అడిగేస్తాడు. నా పాత స్కోర్ షీట్లు తిరగేస్తే, ఒక బంటు ఎక్కువగా ఉండి నేనే డ్రా అడిగిన ఆటలు నాలుగు కనిపించాయి. ఆ రోజుల్లో దాన్ని జాగ్రత్త అనుకున్నాను.

కాబట్టి నేర్పేవారిని నేను కోరేది చాలా చిన్నది. మొదటి నెలలోనే, ఓపెనింగ్ పేరు ఒక్కటీ చెప్పకముందే, పిల్లల చేత రాజు, బంటు, రాజు ఆడించండి. జవాబు చెప్పకండి. ఒకడు తెల్లపావులు, ఇంకొకడు నల్లపావులు, పది సార్లయ్యాక మార్పిడి. డీ8 దగ్గర వాళ్లే ఆగాలి, వాళ్లే కనుక్కోవాలి. ఆ తరువాత బంటును అంచు వరుసకు, అంటే హెచ్ వరుసకో ఏ వరుసకో మార్చి పెట్టండి. అక్కడ నల్ల రాజు మూల గడికి చేరితే చాలు, బంటు ఎంత ప్రయత్నించినా డ్రాయే అవుతుందని వాళ్లంతట వాళ్లే చూస్తారు. ఆ తరువాత రెండు వైపులా ఏనుగులు పెట్టండి. ఇవన్నీ కలిపి పది పన్నెండు స్థితులకు మించవు. పెద్దయ్యాక నాలా మొదలుపెట్టేవారికి కూడా ఇవే, ఇదే వరుసలో. ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టాలి.

ఆ ఆట స్కోర్ షీట్ నా దగ్గరే ఉంది. 64వ ఎత్తు దగ్గర నా చేతిరాత మిగతా చోట్ల కన్నా గట్టిగా, కాగితం వెనక అచ్చు పడేలా ఉంది. ఆ నిమిషంలో నేను పెన్నును అంతగా నొక్కిపట్టానని అప్పుడు తెలియలేదు. ఆ కుర్రవాడు వెళ్లేముందు నా నంబరు రాసుకున్నాడు. ఇప్పుడు ఆదివారం రాత్రుళ్లు ఫోన్లో మాట్లాడుకుంటూ, ఎవరి ఇంట్లో వాళ్లం బోర్డు పెట్టుకుని, ఎత్తులు నోటితో చెప్పుకుంటూ ఆడుతున్నాం. నెల రోజులుగా ఏనుగుల ఎండ్‌గేమ్ దగ్గర ఉన్నాం. వచ్చే ఆదివారం అతనివి తెల్లపావులు, నావి నల్లపావులు, నా ఏనుగు ఆరో వరుసలో.